బలపం రాయి పొడి కోసం ఖరగ్‌పూర్ దాకా

మా విజయనగరం షెడ్డులో చెక్కపొట్టు, ప్లాస్టిక్ కలిపి తలుపు ఫ్రేములు తీస్తాం. రెండు నెలలుగా మిషన్‌లోంచి వచ్చే ఫ్రేముల అంచులు ఎలక కొరికినట్టు చిరిగి వస్తున్నాయి. ఆడపిల్లల హాస్టల్ స్నానాల గదులకి నలభై ఫ్రేముల ఆర్డరు. కాస్త బాగున్నవి ఆరు ఏరి బిగించేశాం, మిగతావి ఆగిపోయాయి. ఖరగ్‌పూర్‌లో ఇదే పని చేసే అప్పలస్వామి బాబాయ్, రైల్వే వర్క్‌షాపులో రిటైరైన మనిషి, బలపాలు చేసే రాయి పొడి కలపమని ఫోన్లో చెప్పాడు. రాయి పొడా! కల్తీ కాదూ? నమ్మలేదు. నా పొట్టు నేనే సంచికెత్తుకుని, చేతికందిన పాత ఫ్రేము ముక్కొకటి అందులో పడేసి హౌరా రైలెక్కాను. స్లీపరు నాలుగు వందల్లోపే.

ఉదయం ఏడింటికి దిగాను. తాల్‌బగీచా దాటాక ఉన్న షెడ్డుకి టోటో, అంటే బ్యాటరీ రిక్షా, అతను నూట ఇరవై అడిగాడు. ఎనభై అంటే "ఠీక్ హై దీదీ" అని వెంటనే ఒప్పుకున్నాడు. అంటే అరవైకే వచ్చేవాడన్నమాట!

బాబాయ్ ముందు నా పొట్టుని వేడిగాలిలో రెండు గంటలు ఆరబెట్టించాడు. నేను పక్కనుంచి కదల్లేదు.

"ఏటమ్మా, సంచి మీంచి సెయ్యి తియ్యవేటి? నానేటి ఎత్తుకుపోతానా?"

మొదట పొడి లేకుండా తీశాడు. అంచు చిరిగింది. పొడి కలిపి తీస్తే నున్నగా వచ్చింది. వేడి మార్చాడేమోనని మీటరు చూశాను. మారలేదు.

"రాయి కదా బాబాయ్, విరగదా?"

"మితిమీరితే ఇరుగుతాది. నీ పాత ముక్కేదీ, ఇలాగియ్యి."

సంచిలోంచి తీసిచ్చాను. రైలు చక్రాల్ని కొట్టి విన్న అలవాటుతో చిన్న సుత్తితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని మొహం చిట్లించాడు. స్క్రూ బిగించి లాగితే చేతికొచ్చేసింది. కోస్తే లోపలంతా బుడగలు.

"పొట్టు ఆరబెట్నేదా?"

"ఎండలో వేశాం."

"మన కోస్తా గాలికి ఎండొక్కటీ సాల్దమ్మా. తడి పొట్టులో ఈ పొడేస్తే పైకి నున్నగా వచ్చీది. లోపల బుడగలు ఎవులికీ కనపడవు."

హాస్టల్లో బిగించేసిన ఆరూ గుర్తొచ్చాయి. స్క్రూలు ఊడితే తలుపు పిల్లల మీదే పడుతుంది. దారంతా ఈయన్ని అనుమానించాను. అంచు నున్నగా వస్తే చాలు, మిగతా ముప్పై నాలుగూ పంపేసేదాన్నే. సిగ్గేసింది, అంతకన్నా భయమేసింది. ఇలాంటి పనిమీద వెళ్లేవాళ్లు పొట్టుతోపాటు తాము అమ్మిన ఫ్రేము ముక్క కూడా తీసుకెళ్లండి. మంచిదేరి కాదు, చేతికందింది. షెడ్డులోంచే మా ఆయనకి ఫోన్ చేశాను.

"ఆ ఆరు తలుపులూ ఇప్పుడే ఊడదీయించీ. సాయంత్రం పిల్లలు స్నానాలకి ఎల్లకముందే."