పొగడ చెట్టుకు ఎన్ని బిందెలు

ఆరు బిందెల నీళ్లు ఎక్కడికి పోతున్నాయో నాకు అర్థం కాలేదు.

తాండూరులో మా కాలనీ పార్కుకు ఒక ప్లాస్టిక్ ట్యాంకు ఉంది. నిండితే మేం వాడే బిందెతో ముప్పై మూడు బిందెలు వస్తాయి. రోజు విడిచి రోజు నల్లా వస్తుంది, ట్యాంకు నిండుతుంది. ఇరవై నాలుగు మొక్కలకు తలా ఒక బిందె పోస్తే తొమ్మిది మిగలాలి. ఆ తొమ్మిదిలో రెండు నేను తీస్తున్నాను, అది వేరే సంగతి, చెప్తాను. ఏడు ఉండాలి. మూత తీసి చూస్తే అడుగున ఒక్క బిందెకు సరిపడా కూడా కష్టంగా ఉండేవి.

నేను బండల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాను. లారీలో పేర్చిన నాపరాళ్లను చూసి ఎన్ని చదరపు అడుగులో నోటిలెక్కతో చెప్పడం నా పని. ఏడో తరగతితో బడి ఆగిపోయింది, మిగతా లెక్క బండల మీదే నేర్చుకున్నాను. కాబట్టి పార్కులో నీళ్ల బాధ్యత నాకు అప్పజెప్పారు. ఆరు బిందెలు తేలకపోతే నాకు అన్నం సహించదు.

పార్కు పని చేసేది అయిదుగురం. పెద్దేముల్ దారిలో షేరింగ్ ఆటో నడిపే తమ్ముడు ఒకడు. అంగన్‌వాడీ టీచరమ్మ ఒకరు. ఆమె ఆదివారం చర్చి అయిపోయాక అదే తెల్ల చీర కొంగు దోపి కలుపు తీస్తుంది. గొర్లు, రెండు బర్రెలు ఉన్న పాలాయన ఒకడు. నేను. మా అందరికీ పెద్దదిక్కు పార్కు ఎదురింటి అక్క. ఆ స్థలంలో పిచ్చిచెట్లు కొట్టించి మమ్మల్ని పోగుచేసింది ఆమె, ఆమె పెనిమిటి. ఆయన రైల్వేలో చేసి రిటైరైనవాడు. పెయింట్ డబ్బాలో పొగడ మొక్క పెంచి, తమ గడపకు సూటిగా కనిపించేటట్టు పార్కులో పెట్టాడు. అక్కడ మన్ను తక్కువ, కింద బండ. గడ్డపారతో, సుత్తితో నేనూ ఆయనా కలిసి బండను తొలిచి గుంత చేశాం. మరుసటేడు ఆయన పోయాడు. అప్పట్నుంచి ఆ చెట్టుకు మా ట్యాంకుతో పనిలేదు. అక్క తన ఇంట్లోనుంచే రోజూ ఒక బిందె తెచ్చి పోసేది.

దసరా అయ్యాక అక్క బాత్రూంలో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక బిడ్డ వచ్చి వికారాబాద్ తీసుకుపోయింది. పోయిన మర్నాడే అక్క నాకు ఫోన్ చేసింది.

"తమ్మీ, పక్కన ఎవరన్న ఉన్నరా?"

"లేరక్కా."

"ఆదివారం రమ్మంటే అందరొస్తరు, రోజూ రమ్మంటే ఎవ్వరొస్తరు? నీకొక్కనికే చెప్తున్న. మా ఆయన చెట్టుకు దినాం ఒక బిందె పొయ్యి. ఇల్లు కిరాయికిచ్చి ఇక్కడ్నే ఉండుమని బిడ్డ ఒక్కటే లొల్లి. చెట్టుంది, దాన్నెవరు చూస్తరని సాకు పెట్టుకొని కూసున్న. అది గిన పోతే నేను తాండూరు రానట్టే అనుకో. మిగిలినోళ్లకు చెప్పకు, వాళ్లని నమ్మలేదని నారాజైతరు."

పనికి పోయేముందు పొద్దున్నే ఒక బిందె పోసి పోయేవాణ్ని. రెండు రోజులకు రెండు బిందెలు. నేను తీసే రెండు ఇవే.

కొన్నాళ్లకు పొగడ ఆకులు పసుపు తిరిగాయి. తర్వాత కొనలు వేలాడేసి రాలడం మొదలైంది. నీళ్లు చాలని మొక్క ఎట్లా వాడుతుందో అచ్చం అట్లాగే ఉంది. మట్టి ముట్టి చూస్తే మాత్రం తడి. నిన్న నేను పోసినదే ఇంకా ఆరలేదేమో అనుకున్నాను. తడి ఉంది, చెట్టు వాడుతోంది, రెండూ ఒకచోట కుదరవు కదా. కుదరనప్పుడు మనిషి కంటికి కనిపించేదే నమ్ముతాడు. అప్పట్నుంచి రోజూ ఇంట్లోంచి ఇంకో బిందె తెచ్చి అదనంగా పోశాను.

అటు ట్యాంకులో ఆరు బిందెలు మాయం. ఇటు చెట్టు ఎండిపోవడం. రెండూ వేర్వేరు తలనొప్పులు అనుకున్నాను. పైపు కారుతోందేమోనని జాయింట్లన్నిటికీ పొడి గుడ్డ చుట్టి చూశాను, తడవలేదు. బండల మీద గీతలు గీసే సుద్దతో ట్యాంకు మీద గుర్తు పెట్టాను. గుర్తు దిగుతూనే ఉంది.

ఆ ఆదివారం అడిగాను. "ట్యాంకు నీళ్లు ఎవరన్న తీస్తున్నరా?"

పాలాయన వెంటనే, "నా బర్రెల మీద పెడ్తవా అన్నా? అవి కాగ్నా నది నీళ్లు తాగినయి, నీ ట్యాంకు నీళ్లు వాటికి నాలుకకు తగలయి" అన్నాడు.

"నిన్నన్ననా?"

"అనకున్నా నాదిక్కే చూస్తివి."

ఆటో తమ్ముడు నవ్వాడు. "అన్న ఆవిరి గూడ లెక్క కడ్తడు. సూర్యునికి బిల్లు పంపుండ్రి."

టీచరమ్మ కలుపు ఎప్పుడో తీసిన చోటే మళ్లీ తీస్తోంది. పొగడ సంగతి ఎత్తబోయి ఆగిపోయాను. ఎత్తితే, నీకెందుకంత ఫికర్ అని అడుగుతారు. విచిత్రం ఏమిటంటే ఆ మోడు కళ్లముందే ఉన్నా ఎవరూ దాని మాట ఎత్తలేదు. వీళ్లకు చెట్టు అక్కర్లేదా అని మనసులో కోపం వచ్చింది. ఆ కోపం పెట్టుకునే వాళ్లతో కలిసి చాయ్ తాగాను.

మరుసటి రోజు యూనిట్‌లో కరెంటు పోయింది. మధ్యాహ్నం ఇంటికి వస్తూ పార్కులోకి తొంగి చూస్తే ఆటో తమ్ముడు పొగడ దగ్గర వంగి ఉన్నాడు. చేతిలో మా బిందె.

"ఏం చేస్తున్నవ్ రా?"

ఉలిక్కిపడ్డాడు. "చేతులు కడుక్కుంటున్నన్నా."

"బిందెతోనా?"

"గ్రీజు అంటింది, మస్తు జిడ్డు."

చేతులు చూశాను. గ్రీజు లేదు. చెట్టుకు వీడే ఏదో పోసి చంపుతున్నాడా అనే అనుమానం కూడా ఒక్క క్షణం కలిగింది. అడిగేలోపే గేటు చప్పుడైంది. టీచరమ్మ, పిల్లలకు అన్నం పెట్టి వచ్చినట్టుంది, ఖాళీ బకెట్‌తో లోపలికి వచ్చి మమ్మల్ని చూసి ఆగిపోయింది.

నేను ఆమె బకెట్ చూశాను, ఆమె తమ్ముడి చేతిలో బిందె చూసింది.

"అక్క నాకొక్కదానికే చెప్పిందన్నా," అంది టీచరమ్మ మెల్లగా.

"నీకా? నాకు చెప్పింది!" అన్నాడు తమ్ముడు. "నువ్వొక్కనివే రోజూ ఆ దారిన తిరుగుతవ్ అన్నది."

"నన్ను ప్రార్థన చేసుకుంట పొయ్యమన్నది."

నేను జేబులోంచి ఫోన్ తీసి పాలాయనకు కొట్టాను. "పొగడ చెట్టుకు నీళ్లు పోస్తున్నవా?" అంటే అటువైపు బర్రె మెడలో గంట వినిపించింది. తర్వాత, "నీకెవరు చెప్పిన్రు?" అన్నాడు.

రోజుకు మూడు బిందెలు, రెండు రోజులకు ఆరు. లెక్క తేలింది. లెక్క తేలితే నాకు ఎప్పుడూ ఒక హాయి ఉంటుంది. ఆ రోజు అది రాలేదు.

గడ్డపార తెచ్చి మొదలుకు జానెడు దూరంలో దింపాను. పైన నాలుగు వేళ్ల మన్ను దాటగానే బురద. గడ్డపార బయటికి లాగితే బొక్కలోకి నీళ్లు ఊరి పైకొచ్చాయి, మురుగు వాసన. బండను తొలిచి మేం చేసింది గుంత కాదు, నీళ్ల తొట్టి లాంటి గాబు. అక్క పోసే ఒక్క బిందె చెట్టు తాగేది. నా ఇంటి బిందెతో కలిపి అయిదు పోస్తే మిగతావి పోవడానికి దారి లేదు. ఒక్కొక్కరం చెట్టుకు నీళ్లు చాలట్లేదనే పోశాం, ఎవరూ ఒక్క రోజు కూడా తప్పలేదు, అదే కొంప ముంచింది.

పల్లం వైపు ఉలితో బండను చీల్చి, నీళ్లు బయటికి పోయేటట్టు కాలువ తీశాం. పాలాయన వచ్చి ఉలి పట్టాడు. సాయంత్రానికి నలుగురికీ వరసగా అక్క నుంచి ఫోన్లు వచ్చాయి. "పోసినవా?" టీచరమ్మ ఫోన్ ఎత్తలేదు. తమ్ముడు సిగ్నల్ లేదన్నాడు. పాలాయన పోసిన అనేశాడు. నేను "రేపు వస్తనక్కా" అన్నాను, ఎందుకన్నానో తెలియదు.

వికారాబాద్‌కు ప్యాసింజర్ ఎక్కాను. చెట్టు పోతే ఆమె అక్కడే ఉండిపోతుంది. చెట్టు నిజంగా పోతుందో లేదో నాకు తెలియదు. తెలియని మాట చెప్పడానికి టికెట్ కొనుక్కుని పోవడం ఏమిటని రైల్లో అంతసేపూ నన్ను నేనే అడిగాను.

అక్క మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. వాకర్ గోడకు చేర్చి ఉంది.

"పోసినవా తమ్మీ?"

"పోసిన అక్కా. నలుగురం పోసినం."

ఆమె లేచి కూర్చోబోయింది. "నలుగురు? రోజూ?"

"రోజూ. నీళ్లెక్కువై చెట్టు మోడైంది."

చెట్టు మాట ఆమె చెవికి ఎక్కినట్టు లేదు. "పాలాయన గూడ పోసిండా?" అంది.

"పోసిండు."

"నేను నలుగురికి చెప్తే ఒక్కలన్న పోస్తరు అనుకున్న. ఒక్కలు గూడ చాలనుకున్న." కొంగు మూతికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. అటు చూస్తూనే, "బతుకుతదా?" అంది.

"తెల్వదక్కా."

"లెక్కలు జేసెటోనివి గద, ఏదో ఒకటి చెప్పు."

"దీనికి లెక్క రాదు."

ఆమె బిడ్డను పిలిచింది. "చాయ్ పెట్టు. ఆ బీరువాల నా చీరెలు గూడ తియ్యి. ఈ నెల దాటినంక నేను పోత."

"చెట్టు పోయిందంటున్నరు గదా అమ్మా! ఇంక ఎందుకు?" అంది బిడ్డ. తర్వాత నన్ను వాకిట్లోకి పిలిచి, "ఫోన్ల చెప్తే సరిపోతుండె గదన్నా," అంది. ఆమె మాట తప్పని నేను అనలేను. నేను తెచ్చిన వార్తకు ఆమె అమ్మ ఆగిపోవాలి. చీరెలు ఎందుకు తీయించిందో నాకూ తెలియలేదు.

అక్క వచ్చింది. మోడు చెట్టు ఎదురుగా గడపలో కుర్చీ వేసుకుని కూర్చునేది. నేను గోటితో బెరడు గీకి చూసేవాణ్ని. పైన కొమ్మల్లో గోధుమ రంగు, కింద మొదలు దగ్గర పచ్చ. బతికిందని చెప్పడానికీ చాలదు, చచ్చిందని చెప్పడానికీ చాలదు. ఉగాది దగ్గర పడుతుండగా మోకాలి ఎత్తులో, మేం అనుకోని చోట రెండు చిగుళ్లు వచ్చాయి. పై కొమ్మలు మాత్రం ఇప్పటికీ ఎండే ఉన్నాయి.

పోయిన ఆదివారం ఎండ మండిపోతోంది. ఇనుప చువ్వ గుచ్చి చూస్తే పొడిగా వచ్చింది. "నీళ్లు కావాలె," అన్నాను. బిందె నింపి చెట్టు పక్కన పెట్టాను. ఎవరూ ముట్టుకోలేదు.

"నువ్వే పొయ్యి అన్నా, లెక్క నీకు తెలుసు," అన్నాడు తమ్ముడు.

"ఒక బిందెనా, సగమా?" అంది టీచరమ్మ.

"పోసినంక ఫోన్‌ల ఫొటో పెట్టుండ్రి, మళ్ల ఎవరన్న పోస్తరు," అన్నాడు పాలాయన.

ఎంత పోయాలో నాకు నిజంగా తెలియదు. అదే మాట చెప్పాను.

అక్క వాకర్ పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది. వంగలేదు కాబట్టి చెంబుతో ముంచి ఇవ్వమంది. ముంచి ఇచ్చాను. పోసింది. ఇంకో చెంబు అడిగింది. అట్లా అయిదు చెంబులు పోసింది. ఆరో చెంబుకు చెయ్యి అడ్డం పెట్టి, "చాలు, ఇయ్యాల్టికి ఇంతే. ఇగ మీరెవ్వరు పొయ్యకుండ్రి," అంది.

బిందెలో ఇంకా సగానికి పైనే నీళ్లు మిగిలాయి. వాటిని ఏ మొక్కకు పోయాలో ఆలోచిస్తూ చాలాసేపు నిలబడ్డాను.