నలభై రోజుల గడువు

జమ్మలమడుగు బండల గనుల్లో సమ్మెట ఎత్తితే మౌలాలిని మించినవాడు లేడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు కరువుకు ఇళ్ళు కట్టేవాడు లేక గని మూతపడింది. బొంబాయిలో ఓడ నౌకరీ ఉందని విని, ప్రొద్దుటూరులో మగ్గం నేసుకునే బావమరిది సిరాజుద్దీన్‌ను వెంటేసుకుని రైలెక్కాడు.

"నా తమ్మున్ని ఎట్ల తీస్కపోతాండావో అట్లే తెచ్చి అప్పజెప్పల్ల" అని భార్య ఖాజాబీ ఎర్రగుంట్ల స్టేషన్లోనే మాట తీసుకుంది.

ఓడ పైన దొరలకు విందులు, పాటకచేరీలు. అడుగున బాయిలర్లకు బొగ్గు ఎత్తే మనవాళ్ళకు నెలకు ఎనభై రూపాయలు. తెల్లవాడికైతే దానికి నాలుగింతలు. ఆ ఎనభైలోనూ మొదటి రెండు నెలలవి సారంగు నోట్లోకే. సారంగంటే కూలీల మీద మేస్త్రీ. పని ఇప్పించేదీ, తిండి పంచేదీ, తన్నేదీ వాడే. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డామని సిరాజు అంటే మౌలాలి నవ్వేవాడు.

ఏడెన్ రేవు దాటాక సిరాజుకు జ్వరం తగిలింది. సారంగు వచ్చి వాణ్ణి జుట్టు పట్టుకుని బాయిలర్ ముందుకు ఈడ్చుకొచ్చాడు.

"వానికి ఒళ్ళు కాల్తాందప్పా! వాని పని గూడ నేను జేస్తా" అని మౌలాలి అడ్డం పోయాడు.

సారంగు బెల్టు తీసి ముఖం మీద కొట్టాడు. కనుబొమ చిట్లి నెత్తురు కళ్ళలోకి దిగింది. మౌలాలి తుడుచుకునేలోగా ఆ చండాలుడు పార తిరగేసి సిరాజు వీపు మీద రెండు, తల మీద ఒకటి వేశాడు. తెరిచి ఉన్న బాయిలర్ తలుపు మీద బోర్లా పడ్డాడు సిరాజు. మౌలాలి వెనక్కి లాగేసరికి ముఖం సగం ఆ ఇనుముకే అంటుకుపోయింది. ఎంత తన్నుకున్నాడో పాపం, రెండు గంటలకు ప్రాణం పోయింది. గోనెలో కుట్టి సముద్రంలోకి వదిలేశారు.

కూలీలు పన్నెండు మందీ పారలు పట్టుకుని లేచారు. "నువ్వు ఊఁ అను, వాణ్ణి ఆ పొయ్యిలోనే వేస్తాం" అన్నారు. మౌలాలే వద్దన్నాడు. మౌలాలి ఊళ్ళో ఎంతటి తగాదా అయినా పీర్ల చావిడిలో ప్రమాణంతో తెగిపోవాల్సిందే. అబద్ధం చెప్పినవాడు నలభై రోజుల్లో నెత్తురు కక్కి చస్తాడు. ప్రమాణం చేయించినవాడు మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. ఎత్తితే దోషం వాడికే చుట్టుకుంటుంది.

మౌలాలి ప్రమాణం చేయమంటే సారంగు ఖురాను మీద చేయి వేసి, పిల్లవాడు కాలుజారి పడ్డాడని తడుముకోకుండా చెప్పాడు. మౌలాలి వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఇరవై ఆరో రోజుకు ఓడ బొంబాయి చేరింది. రేవు ఆఫీసరు అందరినీ నిలబెట్టి, సిరాజును ఎవరైనా కొట్టారా అని అడిగాడు. అందరూ మౌలాలి వైపు చూశారు.

"దేవునికి ఇడ్సిపెట్టినా సామీ" అన్నాడు. జారి పడ్డాడన్న కాగితం మీద వేలిముద్ర కూడా వేశాడు. వెర్రిబాగులవాడు కాకపోతే, దేవుడు చూసుకోవాల్సింది దేవుడికి, ఆఫీసరు చూడాల్సింది ఆఫీసరుకు చెప్పవద్దూ!

నలభై ఒకటో రోజు సారంగు కొత్త కోటు తొడుక్కుని, రేవు గేటు దగ్గర కొత్త కూలీలను ఏరుకుంటూ కనిపించాడు. మౌలాలి వాడి మీదపడి గొంతు పట్టుకున్నాడు. సారంగు మనుషులు విడదీసి, మౌలాలిని బూటుకాళ్ళతో తొక్కి పక్కటెముకలు విరగ్గొట్టారు. ఆఫీసుకు పాకినంత పని చేసి పోతే, నీ ముద్రే ఉంది కదా అన్నారు.

ఒక్కడే ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి ఖాజాబీ, "నా తమ్ముడు యాడ?" అంది. మౌలాలి ఏదీ దాచలేదు.

"ఆఫీసరు అడిగితే ఏం జెప్పినావు?"

"ప్రమాణమైనంక నోరిప్పగూడదని..."

ఆమె మూలనున్న రోకలి అందుకుంది. మొదటి దెబ్బకు భుజం జారింది, రెండోది విరిగిన పక్కటెముకల మీదే పడింది. మౌలాలి చేయి అడ్డం పెట్టలేదు. ఇరుగుపొరుగు వచ్చి రోకలి లాక్కున్నారు.

తల్లికి తానే చెప్పాలని ఖాజాబీ ఆ పూటే ప్రొద్దుటూరు బస్సుకు బయలుదేరింది. మౌలాలి మూలుగుతూ లేచి వెంట వస్తానన్నాడు.

"రావద్దు" అంది. "ముద్రేసిన ఆ చెయ్యి మా అమ్మకు సూపియ్యద్దు."