మామ ఆటపెట్టె గుణదోషాలు

ఫోన్లలో ఆటలు ఆడేవాళ్లకు మా మామ దగ్గరున్న ఆటపెట్టెను చూస్తే నవ్వొస్తుంది. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ పెట్టె. బూడిదరంగు తెర మీద నల్లటి గళ్ల ముక్కలు పైనుంచి ఒక్కొక్కటే రాలుతుంటాయి. వాటిని తిప్పి, జరిపి, సందు లేకుండా పేర్చాలి. వరుస నిండితే అది మాయమవుతుంది. పేర్చలేక ముక్కలు తెర పైదాకా చేరితే ఆట ముగుస్తుంది. మేం బడికి పోయే రోజుల్లో జాతరల్లో అమ్మేవాళ్లు. అదే పాత నమూనా మళ్లీ తయారవుతోందని తెలిసి పావగడలో ఒకటి కొని మామకిచ్చాను.

మామ మా అమ్మకు తమ్ముడు. బలసముద్రంలో గొర్రెలు మేపి, శెనక్కాయ పండించి బతికినవాడు. పొలం సోలార్ కంపెనీకి లీజుకిచ్చాక మేపే చోటు లేక గొర్రెల్ని అమ్మేశాడు. పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలో తెలియక, వాకిట్లో కూర్చుని చెప్పుల వార్లు విప్పి మళ్లీ బిగించేవాడు. ఊళ్లోవాళ్లు సోమరి అన్నారు. జీవితమంతా మందను కనిపెట్టుకున్న మనిషికి కనిపెట్టుకోవడానికి ఏమీ మిగల్చకుండా, పైగా సోమరి అనడం ఏం న్యాయం? ఆ కోపంతోనే పెట్టె కొన్నాను.

దాని గుణాల్లో మొదట చెప్పాల్సింది తెర. దానికి సొంత వెలుగు లేదు. కొన్నవాళ్లంతా దీన్నే లోపమంటారు. చీకట్లో ఏమీ కనపడని మాట నిజమే. కానీ మా ఎండలో ఫోను చూడాలంటే చేత్తో నీడ పట్టుకోవాలి. ఈ తెర మీద ముక్కలు కాగితం మీద అచ్చేసినట్లు కనపడతాయి. ఎండ ఎంత గట్టిగా ఉంటే అంత స్పష్టం. రెండు పెన్సిల్ సెల్లులు వేస్తే నెలల తరబడి నడుస్తుంది. మధ్యలో ప్రకటనలు రావు. ఏ అబద్ధాన్నీ పదిమందికి పంపమని అడగదు.

లోపాలూ ఉన్నాయి. కుడివైపు బొత్తాం మొండిది, బొటనవేలు నొప్పెడుతుంది. శబ్దం తగ్గించే వీలు లేదు. పెడితే ఇల్లంతా వినపడుతుంది, తీస్తే అసలే ఉండదు. "గొర్రెలున్నప్పుడే ఇల్లు నెమ్మదిగా ఉండె" అని అత్త విసుక్కునేది. అన్నిటికన్నా పెద్ద లోపం, దానికి జ్ఞాపకం లేదు. సెల్లులు తీశామంటే అంతకుముందు సాధించిన పాయింట్లన్నీ సున్నా.

మొన్న ఎండాకాలంలో వెళ్లినప్పుడు మామ ఆ పెట్టెను రెండు చేతులా పట్టుకుని కళ్లకద్దుకుంటున్నాడు.

"ఏంది మామా, ఆటకు దండం పెడ్తాండావు?"

"పొద్దున మంచి మాట చెప్పినాది లేప్పా."

"ఇది మాట కూడా చెప్తాదా?"

"అడిగేట్ల అడిగితే చెప్తాది."

మా వాళ్లకు ఏ పని తలపెట్టినా దేవుణ్ణి పూవు అడగడం అలవాటు. విగ్రహానికి పెట్టిన పూలలో కుడిపక్కది రాలితే సరే, ఎడమపక్కది రాలితే వద్దు. ఇప్పుడు ఊరి గుడి పూజారి కూడా సోలార్‌లో కూలికి పోతున్నాడు. శనివారం తప్ప గుడి తలుపు తీయడు. అందుకని మామ వేరే దారి వెతుక్కున్నాడు.

"పూవు రాల్తాది, ఇదీ రాల్తాది. ఆట మొదలుపెట్తానే పొడుగు కడ్డీ పడితే సరే. వంకరది పడితే వద్దు. ఇంకోటి పడితే రేపు మళ్లా అడగాల" అన్నాడు.

"ఇంతకూ ఏం అడిగినావు?"

"కోడలు పనికి పోయే సంగతి. కడ్డీ పడినాది. పొమ్మన్నా."

కోడలు పక్కనే కూర్చుని, కూలికి తెచ్చిన విత్తనం శెనక్కాయలు ఒలుస్తోంది. ఐటీఐలో ఎలక్ట్రికల్ చదివింది. సోలార్ ప్లాంటులో కంట్రోల్ రూమ్ పని దొరికింది. కంపెనీకి ఆ రోజే జవాబు చెప్పాలి, సోమవారం జీపొస్తుంది. మొగుడు ఒప్పుకున్నాడు గానీ ఆ ఇంట్లో చివరిమాట మామది.

ఫలితం నాకు నచ్చింది. అది వచ్చిన దారి చూసి ఒళ్లు మండింది. ఒక ఆడమనిషి చదువు, ఆమె ఇష్టం, ఆమె శక్తి, ఇవన్నీ పక్కనపెట్టి రాలే ముక్కకు అధికారం ఇవ్వడమా? ఈరోజు ముక్క ఇచ్చిన అనుమతిని రేపు ఇంకో ముక్క లాక్కుంటే ఎవర్ని నిలదీస్తాం? మూఢనమ్మకాల మీద సభల్లో ఉపన్యాసాలిచ్చే నేను ఈ నమ్మకాన్ని అక్కడికక్కడే తుంచేయాలనుకున్నాను. అందుకు ఆయుధం పెట్టెలోనే ఉంది. కొన్న రోజు దుకాణదారు ఒక్కో పెట్టెకూ సెల్లులు వేసి చూపిస్తుంటే, అన్నిటిలోనూ మొదట పొడుగు కడ్డీయే పడింది.

"ఇట్ల చూడు" అని సెల్లులు తీసి మళ్లీ వేశాను. కడ్డీ పడింది. మళ్లీ తీసి వేశాను. మళ్లీ కడ్డీయే. "ముక్కలు ఏ వరుసలో రావాలో దీని లోపల లెక్కుంది మామా. ఊరికే ఆపి మొదలుపెడితే ఆ లెక్క ఆగినకాడి నుంచి సాగుతాది. సెల్లులు తీస్తే మొదటికొస్తాది. దేవుడూ లేడు, దయ్యమూ లేదు."

కోడలి చేతిలో కాయ ఆగిపోయింది. మామ నా మొహం చూడలేదు, ఆమెనే చూశాడు.

"పొద్దున నా పాయింట్లన్నీ సున్నా అయినాయి. సెల్లులు ఎవరు తీసినారు?"

నేను తుంచుతున్నది ఎవరి ఉద్యోగమో అప్పుడు తెలిసింది నాకు.

"నేనే, మామా" అంది కోడలు.

"దేవునితో ఎకసెక్కాలా?"

"దేవునితో కాదు. నిన్న ఏదో ఇంకోటి పడె. మొన్ననూ అంతే. ఈ పొద్దు వంకరది పడింటే? రెండేండ్లు బస్సులో నిలబడిపోయి చదివినా. ఆ సంగతి ఆ ముక్కకేం తెలుసు?"

"నన్నడగాల్సింది."

"అడిగినా కదా. పెట్టె ఏమంటాదో చూస్తామంటివి."

నేను నోరు తెరిచాను. "నువ్వుండప్పా. నీ ఉపన్యాసం ఎప్పుడూ ఉండేదే" అన్నాడు మామ.

మామ ఒక గుప్పెడు కాయలు తన ముందుకు లాక్కుని ఒలవడం మొదలుపెట్టాడు.

"ఆడ ఏం చేయాల నువ్వు?"

"తెర చూస్తాండాల మామా. ఏ వరుసలో కరెంటు తగ్గినాదో కనిపెట్టి, ఆ పక్క ఉండేవాళ్లకు చెప్పాల."

"కనిపెట్టుకోని ఉండేదేనా?"

"అదే పని."

"రాత్రి డ్యూటీ ఉండాదా?"

"లేదు. పగలే."

"ఇంకెవరన్నా ఆడోళ్లు ఉండారా?"

"తిరుమణి ఊరి పిల్ల ఒకామె ఉండాది."

ఇన్ని రోజులూ ఈ ప్రశ్నల్లో ఒక్కటీ ఆయన అడగలేదు. ఆ పెట్టెకున్న అసలు లోపం నాకు అక్కడ కనపడింది. సరే అనడానికీ వద్దనడానికీ దానికి ఏ సంగతీ తెలియనక్కర్లేదు. దాన్ని అడిగేవాడికీ తెలియనక్కర్లేదు. దేవుడి పూవైనా అంతే. సభల్లో ఇదే మాట గొంతు చించుకుని చెప్పాను గానీ, ఒక మనిషి అడగడం మానేసిన ప్రశ్నలు మళ్లీ అడుగుతుంటే వినడం నాకు అదే మొదలు.

"అయితే పోనా, మామా?" అంది కోడలు.

"పొమ్మని పొద్దున్నే చెప్తి కదా. అప్పుడు అది చెప్పినాది. ఇప్పుడు నేను చెప్తాండా." కాయల పొట్టు ఊది, ఇంకో మాట అన్నాడు. "ఇంకోసారి నన్ను మోసం చేయొద్దు. కొట్లాడు కావాలంటే."

"కొట్లాడతా" అంది ఆమె, తల ఎత్తకుండా.

సోమవారం జీపు వచ్చింది. కోడలు ఎక్కి కూర్చున్నాక మామ డ్రైవరు పక్కన నిలబడి అతనిది ఏ ఊరో, ఏ దారిన పోతాడో, సాయంత్రం ఎన్నింటికి తీసుకొస్తాడో, బండి చెడితే ఎవరికి ఫోను చేస్తాడో ఒక్కొక్కటే అడిగాడు. జీపు ఆలస్యంగా కదిలింది.