ఇంజన్ మీద పసుపు రంగు

మా ఇంజన్ మేస్త్రి మావ పోయాడు. సముద్రంలో చేపల వేట నిషేధం ఇంకో నాలుగు రోజుల్లో ముగుస్తుందనగా, ఐస్ ప్లాంటు దగ్గర ఎవరో ఆ మాట చెప్పారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నమ్మలేదు నేను. చేతిలో గంప అక్కడే పడేసి జెట్టీకి పరుగెత్తాను. మా బోటు ఇంజన్ సగం విప్పినది విప్పినట్టే ఉంది. ఆయన పానాలు గుడ్డ మీద వరసగా పేర్చి ఉన్నాయి. అప్పుడొచ్చింది ఏడుపు.

చుట్టం కాదు, పిలుపు వరసే. మా హార్బర్‌లో మేస్త్రీలు ఇంజన్ బాగుచేశాక మొత్తం ఒకే రంగు కొట్టేస్తారు. కొత్తదానిలా నిగనిగలాడుతుంది, ఎక్కడ చెయ్యి పెట్టారో దేవుడికే తెలియాలి. మావ అలా కాదు. ఇంజనంతా నీలం ఉంచి, తాను విప్పిన భాగానికి మాత్రం పసుపు వేసేవాడు. మొదటిసారి చూసి నాకు ఒళ్ళు మండింది.

"ఏటి మావా, పాత చీరకి అతుకులేసినట్టు ఏటీ రంగులు? నలుగురూ నవ్వరా?"

"నవ్వనీ. రేపు సముద్రంలో ఆగిపోతే నీ మొగుడు ఏది ముందు సూడాల? పసుపున్నకాడ సూత్తాడు. తప్పు నాదైతే బేగి దొరుకుద్ది."

దొరికింది కూడా. రెండేళ్ల కిందట ఇంజన్ వేడెక్కి ఆగిపోయిందని మా ఆయన బోటు మీంచి ఫోన్ చేశాడు. ఇంకా సిగ్నల్ అందే దూరంలోనే ఉన్నారు, కానీ గాలి తిరిగింది. ఫోన్ మావ చేతిలో పెట్టాను. "పసుపు కొట్టిన నీళ్ల పంపు విప్పు. నాను ఏసిన ప్యాకింగ్ సూడు" అన్నాడు, ఇంకేమీ అడగకుండా. ప్యాకింగ్ వంకరగా పడి నీళ్లు కారిపోతున్నాయట. సరిచేసుకుని వచ్చేశారు.

ఒడ్డు మీద అందరి ముందూ "తప్పు నాదే తల్లీ" అన్నాడు మావ. నోరు పారేసుకున్నాను, చెడామడా తిట్టాను. తల వంచుకుని విన్నాడు. ఆ పసుపు లేకపోతే వాళ్లు ఎంతసేపు వెతికేవారో, గాలి అంతసేపు ఆగేదో లేదో, నాకు ఇంటికెళ్ళాకే తట్టింది. వెనక్కెళ్ళి ఒక్క మంచిమాట చెప్పానా? లేదు. ఆ తిట్లే ఇప్పుడు నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

"రంగేసి దాసేత్తే ఇంజన్ మోసపోద్దేటి? మనిసే మోసపోతాడు" అనేవాడు.

చివరిగా ఆయన చెయ్యి పడింది డీజిల్ పంపు మీద. అడుగు పూతగా రెడాక్సైడ్ పూసి, ఎండాక పసుపు వేద్దామని వెళ్ళిపోయాడు. మిగతా పని కొత్త మేస్త్రికి అప్పజెప్పాం. అంతా బిగించి, బ్రష్ నీలంలో ముంచాడు. "మొత్తం ఒకే రంగు కొట్టేద్దాం అక్కా, కొత్తదానిలా ఉంటాది."

నా మొగుడి ప్రాణం ఆ ఇంజన్ మీద ఉంది. "ఆ పంపుకి పసుపు కొట్టు" అన్నాను. "కానీ ముందు సెప్పు. రేపది ఆగిపోతే, తప్పు నాదేనని నువ్వంటావా?"

అతను బ్రష్ డబ్బా మీద అడ్డంగా పెట్టి, మావ పానా అందుకుని, బిగించిందంతా మళ్ళీ విప్పడం మొదలుపెట్టాడు. తిరిగి బిగించి పసుపు వేసేసరికి సాయంత్రమైంది.

ఈ తెల్లవారుజామున బోటు వెళ్ళింది. వెళ్ళేముందు ఎండిందో లేదో చూద్దామని పంపు ముట్టుకున్నాను. ఎండలేదు. దాని మీద నా వేలి గుర్తు పడింది, నా వేలికి పసుపు అంటింది. కిరసనాయిల్‌తో తుడిస్తే పోతుంది. బోటు ఒడ్డుకొచ్చాక తుడుస్తాను.