మూడో గంటకు లెక్కల సారును లేపెయ్యి

ఆ కాలంలో మా వైపు అనుమానమొక్కటే కరువు లేకుండా దొరికేది. తుపాకులు పట్టిన అన్నలు అడవిలో, వాళ్ళను వెతికే పోలీసులు రోడ్డు మీద, ఇద్దరి మధ్యా మేము. పక్కింటాయన కొత్త టార్చిలైటు కొన్నా "ఎందుకు కొన్నడో" అని వీధంతా ఆలోచించేది. సరిగ్గా అలాంటి ఎనభైల చివర్లో, జనగామలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా ఉంటూ, ఇంకా పర్మినెంటు కూడా కాని నాకు, సాఫ్ట్‌వేర్ వ్యాపారం పెట్టాలని బుద్ధి పుట్టింది. (ఆ మాట విన్న బట్టల సేటు "మెత్తటి బనీన్లా?" అని అడిగాడు. ఆయనే నయం. మిగతావాళ్ళు ఏమీ అడగకుండా కాస్త వెనక్కి జరిగారు.)

మా అక్క మొగుడు, అంటే మా బావ, తొర్రూరులో ఒక ప్రైవేటు బడి నడిపేవాడు. ఏటా బడి తెరిచే ముందు టైంటేబుల్ వెయ్యడానికి వారం రోజులు కాయితాలు చింపేవాడు. ఎంత జాగ్రత్తగా వేసినా ఒకే గంటకు ఇద్దరు సార్లు ఒకే తరగతిలో పడి, నువ్వు బయటికి పో అంటే నువ్వు పో అని కొట్లాడుకునేవారు. నేను హైదరాబాదులో ఆర్నెల్లు కంప్యూటర్ కోర్సు చేసి వచ్చానుగదా, ఆ పని చేసే ప్రోగ్రాం రాస్తానన్నాను. బావ ఎక్కడినుంచో పాత కంప్యూటరొకటి పట్టుకొచ్చాడు. దాన్ని టీవీకి తగిలించాలి, రాసిన ప్రోగ్రాంను పాటల క్యాసెట్‌లో దాచుకోవాలి. తొర్రూరు తర్వాత మానుకోట, ఆ తర్వాత భూపాలపల్లి దాకా బడులన్నీ మావే అనుకున్నాం. ఒక్కటే చిక్కు. సర్కారు నౌకరిలో ఉండి సొంత వ్యాపారం చేస్తే నౌకరి ఊడుతుంది. "అది పోతే గా డబ్బానే వండుకొని తిందామా?" అని మా ఆవిడ రోజూ అడిగేది.

నన్ను పర్మినెంటు చెయ్యమని రాయాల్సింది మా సూపరింటెండెంటు. ఆఫీసులో ఏ మూల ఏ కాయితం కదిలినా తన కుర్చీలోంచే చూడగలడని ఆయనను దుర్బీన్ సారు అనేవాళ్ళం. ఆఫీసు మొత్తానికి ఒకటే ఫోను, అదీ ఆయన బల్ల మీదే. ఒక గురువారం తొర్రూరు నుంచి బావ ఫోను చేశాడు. లైను సరిగ్గా లేక నేను గొంతు పెంచాను.

"ఏంది బావా? ఇద్దరు ఒక్క గదిల పడ్డరా? అయితే మూడో గంటకు లెక్కల సారును లేపెయ్యి! హిందీ సారు జోలికి ఇప్పుడే పోకు, ఆయన సంగతి ఐదో గంటకు చూద్దాం. ఆఁ, ఆదివారం నేనే వచ్చి ప్రోగ్రాం నడిపిస్త."

(గంట అంటే మాకు పీరియడు. లేపెయ్యడమంటే ఆ పీరియడులోంచి పేరు తీసెయ్యడం. ఆ మాటకు ఇంకో అర్థం ఉందని నా మట్టిబుర్రకు తట్టనే లేదు.)

ఫోను పెట్టేసరికి దుర్బీన్ సారు కలం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఎవలయ్యా గా లెక్కల సారు?"

"తొర్రూరుల సార్... మావోళ్ళకు తెలిసినాయన."

"ఏం చేసిండు?"

"ఏం చెయ్యలే సార్. అడ్డమొస్తున్నడు."

వ్యాపారం సంగతి పసిగట్టాడని నా గుండె గుబేలుమంది. ఆయన గుండె ఎందుకు గుబేలుమందో నాకప్పుడు తెలియదు. ఆయన కొత్తల్లుడు తొర్రూరు సర్కారు బడిలో లెక్కలు చెబుతాడట.

మర్నాడు నా సంచిలోని క్యాసెట్ మాయమైంది. శనివారం పొద్దున్నే దుర్బీన్ సారు దాన్ని నా బల్ల మీద పెట్టాడు. "ఏం పాటలయ్యా గివి? కీసుమని ఒకటే మోత. మా ఇంటామె చెవులు మూసుకున్నది."

"అవి పాటలు కాదు సార్."

"గది నాకెరికే" అని, నాకు చాయ్ తెప్పించాడు. పై అధికారి చాయ్ తాగించాడంటే ఊస్టింగేనని నేను చెమటలు కక్కుకుంటూ తాగాను.

ఆదివారం తొర్రూరు బస్సులో రెండు సీట్ల వెనక, నెత్తిన తువ్వాల కప్పుకుని ఎవరో కూర్చున్నారు. దగ్గు వినగానే సారేనని పోల్చుకున్నాను. బస్టాండు దాకా పోకుండా ముందే దిగి, అంగడి సందుల్లోంచి వంకరటింకరగా బడికి చేరాను. (ఏ తప్పూ చెయ్యనివాడు అలా నడుస్తాడా, మీరే చెప్పండి.) కంప్యూటరుకు దుమ్ము పడదని కిటికీలకు దుప్పట్లు కట్టాం, తలుపు మూశాం. చెప్పులన్నీ బయట విడిపించాం. లోపల సార్లందరూ ఊపిరి బిగబట్టి టీవీనే చూస్తున్నారు. "ఇగ లెక్కల సారును లేపెయ్!" అని బావ కేక వేశాడు. తలుపు ధడాలున తెరుచుకుంది. సందులన్నీ నా వెనకే తిరిగొచ్చిన దుర్బీన్ సారు లోపలికి వచ్చిపడ్డాడు.

"ఏడి? లెక్కల సారు ఏడి?"

బడి లెక్కల సారు బిక్కచచ్చి లేచి నిలబడ్డాడు. "నేనే సార్."

దుర్బీన్ సారు ఆయనను పైనుంచి కిందిదాకా చూశాడు. తన అల్లుడు కాడు. "పానంతోనే ఉన్నవా?"

"ఇప్పటిదాకైతే ఉన్న సార్."

నేను అడ్డుపడి గడగడా ఒప్పుకున్నాను. "నౌకరి తియ్యకుండ్రి సార్! యాపారం బావది, నేను ఉత్తగ ప్రోగ్రాం రాసిచ్చిన. టైంటేబుల్ సార్, టైంటేబుల్!"

"యాపారమా? గింతేనా?" అంటూ ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు. "మా అల్లుడు గీ ఊరి లెక్కల సారేనయ్యా. బిడ్డ పెండ్లయి ఆర్నెల్లు కాలే. మూడొద్దులసంది బుక్కెడు బువ్వ దిగుతలేదు." ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నాకు సిగ్గేసింది. నవ్వొచ్చింది కూడా, అబద్ధమెందుకు.

తిరుగు బస్సులో నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "నీ పర్మినెంటు కాయిదం మీద రేపే సంతకం పెడ్త. కని కానూను కానూనే. గా డబ్బా ముట్టనని మాటియ్యి. నాకు నీ మీద మల్ల అనుమానం రావొద్దు." ఎంతో ఇష్టంగా రాసుకున్న ప్రోగ్రాం అది. అయినా జనగామ రాకముందే "సరే సార్" అన్నాను. కంప్యూటరు పాడయ్యేదాకా బావ ఒక్కడే దాన్ని నడుపుకున్నాడు. మానుకోట, భూపాలపల్లి మాటే మళ్ళీ ఎత్తలేదు.

రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు మా ఆఫీసుకూ కంప్యూటర్లు వచ్చాయి. నేర్పడానికి ఒక అమ్మాయి వచ్చి, నా కుర్చీ దగ్గర వంగి మెల్లగా అడిగింది. "భయపడకండి సార్. ఇంతకుముందు ఎప్పుడైనా ముట్టుకున్నారా?"

"లేదమ్మా" అన్నాను.

మధ్యాహ్నానికల్లా చెప్పినవన్నీ చేసి చూపించాను. "ఈ వయసులో ఇంత తొందరగా పట్టేసినవాళ్ళను నేను చూడలేదు సార్!" అని ఆ పిల్ల మురిసిపోయింది. నేనూ నవ్వాను. నన్ను కొంచెమైనా అనుమానించవేం తల్లీ, అని నోటిదాకా వచ్చింది.