అనీస్ బేగం డాబా

పరకాలలో మా వీధికి ఎండను పంచిపెట్టేది అనీస్ బేగం. వేసవి వచ్చిందంటే ఆడవాళ్లందరి వడియాలూ, చల్ల మిరపకాయలూ ఆమె డాబా మీదే ఎండాలి. ఎవరి చాప ఎక్కడ పరవాలో కూడా ఆమే చెబుతుంది. మాకూ డాబా ఉంది, అయినా నేను అక్కడికే పోతాను. అక్కడ దొరికే కబుర్లు మా ఇంట్లో దొరకవు మరి.

ఆమె భర్త ఇమాం పాషా టైలర్. మిషన్లన్నీ కరెంటువే. డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెట్టిద్దామని ఆయన అడిగితే అనీసక్క వెంటనే ఒప్పేసుకుంది. ఇక వడియాలకు చోటెక్కడిదని నాకు ఆశ్చర్యం వేసింది.

“దరఖాస్తు పెట్టుకోనీ భారతీ. ఆఫీసోళ్లు వచ్చి చూసేసరికి మనకు మనవలు పుడ్తరు. ఫికర్ జెయ్యకు,” అంది నా చెవిలో.

పాపం, ఆమెకు కొత్త సంగతి తెలియదు. చిన్న ఇళ్ల సోలార్‌కు ముందుగా పరిశీలన అక్కర్లేదని ఢిల్లీలో కరెంటు చట్టం కింద నిబంధన మార్చారు. మా మిరపకాయలు ఇంకా ఎండనేలేదు, ప్యానెళ్ల బండి వచ్చి వీధిలో ఆగింది.

అనీసక్క మెట్లకు అడ్డంగా కూర్చుంది.

“ఇవి పెడితే వీళ్లంత యాడికి రావాలె? నా డాబా ఖాళీ అయితది,” అంది.

ఇమాం పాషా తెల్లమొహం వేశాడు. “మరి అప్పుడెందుకు ఒప్పుకున్నవ్ బేగం?”

“కానూన్ గింత జల్ది నడుస్తదని నాకేమెరుక?”

ప్యానెళ్లు బిగించే తిరుమల నవ్వు ఆపుకున్నాడు. “పందిరి లెక్క ఎత్తుల పెడ్తనమ్మా. కింద కూసోవచ్చు. అటు సగం ఎండకే ఇడిచిపెడ్త,” అన్నాడు. అనీసక్క జర ఆలోచించి మెట్ల మీంచి లేచింది.

ఇదివరకు ఎండ ముదరగానే కిందికి పరుగెత్తేవాళ్లం. ఇప్పుడు అటు వడియాలు ఎండుతుంటే ఇటు నీడలో కాళ్లు చాపుకొని కూర్చుంటున్నాం. ఒక్కరింట్లోనూ వేళకు వంట కావడం లేదు. మగవాళ్లు సణుగుతున్నారు, సణగనీ. కరెంటు బిల్లు తగ్గిందని ఇమాం పాషా మాత్రం కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు. నాకైతే ఇంత హాయైన వేసవి ఇదే.

నిన్న పక్కింటి మొగిలమ్మ చల్లగా చెప్పింది. “అక్కా, మేం గూడ పెట్టిస్తున్నం. మా డాబా మీద గూడ గిట్లనే పందిరి.”

నీడలో కూర్చుని వడియాల పిండి కలుపుతున్న అనీసక్క చెయ్యి ఆగిపోయింది. “అయితే ఇగ నీ వడియాలు ఆడ్నే ఎండబెట్టుకుంటవు.”

“గదేంది? ఆడ నీడుంటది గని, నువ్వుంటవా?”

అనీసక్క గబుక్కున లేచింది. అప్పుడే పెట్టిన పచ్చి వడియాలను తిప్పడానికి ఎండలోకి పోయింది.