చిన్నమ్మ సర్దిన ఇళ్లు

మా చిన్నమ్మ చనిపోయిందని నాకు చెప్పింది జగిత్యాల ఆసుపత్రిలో ఒక నర్సు. పొద్దున ఛాతీలో మంటగా ఉందంటూ తనే నడిచివెళ్లి ఆటో ఎక్కిన మనిషి మధ్యాహ్నానికి లేదు. నాకు ఏడుపు కూడా రాకముందే నర్సు మెల్లగా అడిగింది, "ఏడికి తీస్కపోతరమ్మా?" అంబులెన్సు డ్రైవరుకు చెప్పాలి కాబట్టి అడిగింది. ఆమె తప్పేం లేదు. అయినా ఇన్నాళ్లుగా ఆ ప్రశ్న నా చెవిలోంచి పోవడం లేదు.

నేను మా ఓనరమ్మకు ఫోన్ చేశాను. జగిత్యాలలో చిన్నమ్మా నేనూ కిరాయికున్న గది ఆమెదే. విషయం విని ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది, "మీ చిన్నమ్మంటె నాకు పాణం బిడ్డా. కని గీడికి తేకుండ్రి. కిరాయింట్లకు పీనుగను ఎవలన్న రానిస్తరా చెప్పు? ఇంట్ల పెండ్లికున్న పిల్లున్నది. సక్కగ మీ ఊరికే తీస్కపోండ్రి."

ఈ పద్ధతి మా వైపు వాళ్లకు తెలిసిందే. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కిరాయికున్నవాళ్లు పోతే శవాన్ని గేటు దాటనివ్వరు. రోడ్డు పక్కన టెంటు వేసి పడుకోబెట్టుకోవాలి, లేదా ఊరికి తీసుకెళ్లాలి. చిన్నమ్మ ఇలాంటి టెంటు ఒకటి కోరుట్లలో చూసింది. ఆ రోజు ఆటోలో వస్తూ అంది, "బతికినన్ని దినాలు ఎవలింట్లనన్న ఉంటం బిడ్డ. సచ్చిన దినం పండవెట్టెతందుకు ఒక్క గడప మనదుండాలె." సొంతింటి మీద ఆమెకున్న ఆశంతా ఆ మాటే. మేడలూ బాల్కనీలూ ఆమె అడగలేదు.

అలాంటి మనిషి పని ఏమిటంటే, అమ్మకానికి వచ్చిన ఇళ్లను సర్ది, ఫోటోలు తీసి, ఆన్‌లైన్‌లో పెట్టడానికి సిద్ధం చేయడం. మొదట్లో ఖాళీ ఇళ్లు కడిగేది. ఆమె కడిగి సర్దిన ఇళ్లు తొందరగా పోతున్నాయని ఒక బ్రోకరు గమనించాడు. అప్పటినుంచి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు ఊళ్లూ ఆమెవే. నేను డిగ్రీ చదవడానికి వచ్చి ఆమె దగ్గర ఉన్నాక, ఫోటోల కింద రాసే నాలుగు వాక్యాల పని నాకు అప్పజెప్పింది. తెలుగు నాకు ఇష్టమైన సబ్జెక్టు. కొత్త మాట దొరికితే రోజంతా నోట్లో తిప్పుకునేదాన్ని. ఆ మాటలన్నీ ముందుగా ఇళ్ల మీదే వాడాను.

ఆమె పనిచేయడం చూడాలి. ఇంట్లోకి వెళ్లగానే కిటికీలన్నీ తెరిచి, పగలైనా సరే లైట్లన్నీ వేసేది. గ్యాస్ సిలిండరు, బాత్రూం బకెట్లు, ఫ్రిజ్ మీది మందుల డబ్బాలు పక్కగదిలోకి పోయేవి. ఫోన్ కెమెరాను కొంగుతో తుడిచి, గది మూలకు వీపు ఆనించి, ఛాతీ ఎత్తులో పట్టుకుని తీసేది. "గోడను తియ్యొద్దు బిడ్డ, గోడ మీది ఎండను తియ్యాలె" అనేది. దండ వేసిన ఫోటోలు ఉంటే తప్పకుండా దించేది. పోయినవాళ్ల ఫోటో కనిపిస్తే కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు. దించేటప్పుడు మాత్రం ఆ ఫోటోతో మాట్లాడేది. "ఒక్క గంటాగు పెద్దమ్మా, మల్ల నీ జాగల నిన్ను వెడుత." పని అయ్యాక అదే మేకుకు, అదే వంకరతో తగిలించేది.

ఆమె సరంజామాలో ఒక తెల్ల దుప్పటి, రెండు దిండ్లు, ప్లాస్టిక్ బంతిపూల తోరణం, ఒక తులసికుండీ ఉండేవి. తులసి ఉన్న ఇంటి ఫోటో చూస్తే జనం ఆగుతారని బ్రోకరే చెప్పాడట. కోరుట్ల రోడ్డు మీద నర్సరీలో కొన్నది. మేము చర్చికి వెళ్లేవాళ్లం. ఇంట్లో తులసి ఏమిటని మా అమ్మ ఒకసారి దెప్పితే చిన్నమ్మ నవ్వింది. "మొక్కేం జేసిందక్కా? నీళ్ళు వోస్తె వెరుగుతది, అంతే." ఆటోలో ఆ కుండీని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకునేది. "దీని రాత సూడు. దీనికి గృహప్రవేశాలె గృహప్రవేశాలు" అని పరాచికాలాడేది. ఎక్కడ పెట్టినా, తీశాక కింద నేల మీద గుండ్రటి తడి మరక మిగిలేది. దాన్ని బట్టతో తుడిచేది. "మనమచ్చిపోయినట్టు కనవడొద్దు."

ఇక సిరిసిల్ల ఇంటి సంగతి. కామారెడ్డి రోడ్డు వైపు, ఊరి చివర, రెండు గదులు, వెనక చిన్న వాకిలి. వీడియో కూడా కావాలన్నారు. చుట్టూ కరెంటు మగ్గాలు. ఫోన్‌లో ఆ చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. చిన్నమ్మ పక్కింటికి వెళ్లి, జరసేపు ఆపుతారా అని అడిగింది. ఆయన మగ్గం దగ్గరి నుంచి లేవకుండానే అన్నాడు, "మీరు ఇల్లు అమ్మేదాంక మేం తినకుండ కూసోవాల్నా అక్కా?" "తిను తమ్మీ, నేనెందుకొద్దంట" అని తిరిగొచ్చి గుమ్మంలో కూర్చుంది. కరెంటు పోయేదాకా ఎదురుచూశాం. పోయింది. వీధి మొత్తం ఒక్కసారి చప్పబడిపోయింది. "ఉరుకు బిడ్డ" అంటూ లేచి, గేటు దగ్గర మొదలుపెట్టి వెనక వాకిలి దాకా ఒక్క ఊపులో తీసేసింది.

నేను "ప్రశాంతమైన వాతావరణం" అని రాశాను. చదివి కొట్టేయమంది. "కరెంటు అచ్చినంక కొన్నోడు మనను తిడుతడు. అబద్ధం వద్దు." అప్పుడు నేను వంటగదిలో నిలబడి చూసి ఇంకో వాక్యం రాశాను. "ఈ ఇంట్లో పొద్దు ముందుగా వంటగదిలోకి వస్తుంది." చిన్నమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. "గిది మంచిగున్నది" అంది. అంతకుముందు ఏ సారూ నాతో అలా అనలేదు.

ఇంటావిడ మాకు చాయ్ ఇచ్చింది. "అక్కా, అక్కా" అంటూ చిన్నమ్మ వెనకే తిరిగింది. వెనక తలుపు పక్కన పెట్టిన తులసిని చూసి చేతులు జోడించి, ఎంత గుబురుగా ఉందో అని మెచ్చుకుని, ఒక కొమ్మ ఇస్తావా అని అడిగింది. చిన్నమ్మ తుంచి ఇచ్చింది. బయల్దేరేటప్పుడు నేను నేల మీది మరక తుడవబోతే నా చేయి పట్టుకుంది. "ఉండనియ్యి" అంది. ఆ ఇల్లు ఆమెకు నచ్చిందని నాకు అప్పుడు అర్థమైంది.

మగ్గాల చప్పుడు ఆమెకు అడ్డం కాలేదు. "గా సప్పుడుకు నాకు మంచిగ నిద్రవడుతది" అంది. ఆ ఫోటోలు దుబాయిలో షట్టరింగ్ పనిచేసే మా చిన్నాయనకు పంపింది. ఆయన లేబర్ క్యాంపులో పడుకుని వాటిని ఎన్నిసార్లు చూశాడో, ఏ కిటికీ ఎటు తెరుచుకుంటుందో నాకే చెప్పేవాడు. ఇద్దరి కష్టం కలిపితే ఆ ఇల్లు అందుతుంది. అప్పు కూడా పెద్దగా అక్కర్లేదు. చిన్నమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, బ్రోకరుతో కలిసి, ఈసారి కొనేమనిషిగా వెళ్లింది. నేనూ వెళ్లాను.

ఇంటావిడ ముందు నవ్వింది. తర్వాత అడిగింది, "మీ ఇంటిపేరేందమ్మా?" "అక్కా" అన్న పిలుపు "అమ్మా" అయింది. చిన్నమ్మ చెప్పింది. "ఊరు?" ఎల్లారెడ్డిపేట దగ్గర అని చెప్పింది. "ఊర్ల ఏ వాడకట్టు?" అది కూడా చెప్పింది. దాచడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఇంటావిడ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చి, "మా ఆయన్నడిగి సెప్త" అంది.

మర్నాడు బ్రోకరు ఫోన్ చేశాడు. "అక్కా, గా ఇల్లు అమ్ముడువోయిందట. నువ్వేం ఫికర్ వడకు, గంతకంటె మంచిది సూపిస్త." చిన్నమ్మ "సరె తమ్మీ" అని పెట్టేసింది. చిన్నాయన అడిగితే వాస్తు బాగాలేదని చెప్పింది. నేను నా ఫోన్‌లో చూశాను. ఇల్లు ఇంకా అమ్మకానికి అలాగే ఉంది. కింద నా వాక్యం, దాని కింద బ్రోకరు అన్ని ఇళ్లకూ రాయించే మాట, "అందరికీ అనుకూలం." ఆ "అందరికీ"ని టైప్ చేసింది నేనే. మాటలంటే నాకున్న మోజు ఆ రోజు కొంత చచ్చిపోయింది.

కొన్నాళ్లకు బ్రోకరే మళ్లీ ఫోన్ చేశాడు. సిరిసిల్ల ఇంటికి రంగులు వేయించారు, కొత్త ఫోటోలు కావాలి, నువ్వయితేనే మంచిగ తీస్తావని ఇంటామె అడుగుతోంది అన్నాడు. అమ్ముడుపోయిన ఇంటికి ఫోటోలెందుకని ఆమె అడగలేదు. నేను వద్దన్నాను, అరిచాను కూడా. ఆమె సంచీ సర్దుకుంటూ అంది, "నా పని నేను జేస్త. కరాబుగ తీస్తె నా పేరు వోతది, ఆళ్ళదేం వోతది?"

నేను కోపంతోనే వెంట వెళ్లాను. ఆ ఇంటిని ఆమె అంతకుముందుకన్నా శ్రద్ధగా సర్దింది. కర్టెన్ల ముడతలు నీళ్లు చల్లి సాపు చేసింది. వంటగదిలో ఎండ సరిగ్గా గట్టు మీదికి వచ్చేదాకా ఆగి తీసింది. ఇంటావిడ మళ్లీ "అక్కా" అంటోంది. చాయ్ తెచ్చింది. చిన్నమ్మ తాగలేదు. వెనక వాకిట్లోకి వెళ్లి చూసి ఇంటావిడ అడిగింది, "అక్కా, తులసి తేలేదా? అది వెడితెనె ఇంటికి కళ."

"లేదమ్మా" అంది చిన్నమ్మ, ఫోన్ మీంచి చూపు తీయకుండా. "అది అమ్ముడువోయింది."

వచ్చేముందు చిన్నమ్మ బట్ట తడిపి వెనక తలుపు దగ్గర కూర్చుంది. రంగులు వేసినవాళ్లు కడగక, మన్ను ఎండి అంటుకున్న ఆ పాత గుండ్రటి మరకను రుద్ది రుద్ది, ఆనవాలు లేకుండా తుడిచింది. ఆటోలో నేను ఏడిస్తే నా నెత్తిన చేయి వేసింది. "నువ్వేడవకు. నువ్వు మంచిగ రాసుడు నేర్సుకో. రేపు ఎవలన్న అడిగితె సెప్పెటోళ్ళుండాలె." నేనిది రాస్తున్నది ఆ మాటకే.

తర్వాత ఆమె ఇంకో ఇల్లు చూడలేదు. ఇంకా ఎన్నో ఇళ్లు సర్దింది, ఎందరినో ఇంటివాళ్లను చేసింది. ఆమె పోయినరోజు వాటిలో ఒక్క ఇంటి నుంచీ ఎవరూ రాలేదు. రావాలని ఎవరికి తెలుసు? ఫోటో తీసిన మనిషి ఫోటోలో ఉండదు.

అంబులెన్సు ఆసుపత్రి నుంచి నేరుగా ఎల్లారెడ్డిపేట దారి పట్టింది. మా అమ్మావాళ్ల వసారాలో పడుకోబెట్టారు. చిన్నాయనకు టికెట్ దొరకలేదు. వీడియోలో చూస్తానన్నాడు. నేను గోడమూలకు వీపు ఆనించి, ఫోన్‌ను ఛాతీ ఎత్తులో, అడ్డంగా పట్టుకున్నాను. వెలుతురు నా వెనక నుంచి పడేలా చూసుకున్నాను. ఆయన చాలాసేపు చూసి అడిగాడు, "అదెవలిల్లు బిడ్డా?" మా ఇల్లే చిన్నాయనా అన్నాను. "మంచిగున్నది" అన్నాడు.

పోయిన వారం జగిత్యాలలో గది ఖాళీ చేశాను. ఓనరమ్మ కిందికి వచ్చి సామాన్లు చూస్తూ నిలబడింది. "బిడ్డా, అన్ని తీస్కపో కని, గా తులసిని ఉండనియ్యి. మంచిగ వెరిగింది. నేను నీళ్ళు వోసుకుంట" అంది. ఆమె ఆ మాట ప్రేమగానే అంది. చిన్నమ్మలా సూటిగా జవాబు చెప్పడం నాకు ఇంకా రాదు. చిన్నమ్మ సమాధి దగ్గర పెడదామని కుండీని ఎత్తుకుని బస్టాండుకు నడిచాను.

కొండగట్టు దగ్గర ఒక ముసలమ్మ నుదుట సింధూరంతో బస్సెక్కి నా పక్కన కూర్చుంది. నా ఒళ్లో కుండీ చూసి ఒక ఆకును తాకి కళ్లకు అద్దుకుంది. చేతిలో కొబ్బరిముక్క పెట్టింది.

"కొత్తిల్లు కట్టుకున్నరా బిడ్డా?"

"మా చిన్నమ్మకు" అన్నాను.

"ఏడ?"

"ఎల్లారెడ్డిపేట కాడ."

"సల్లగుండాలె" అంది ఆమె, ఇంకోసారి ఆకును తాకి.

ఆమె వేములవాడలో దిగిపోయింది. నేను సిరిసిల్లలో కామారెడ్డి బస్సులోకి మారాను. ఊరి చివర ఆ ఇల్లు వచ్చింది. కొత్త రంగు, గేటుకు తాళం, గోడ మీద "ఇల్లు అమ్మబడును." మగ్గాలు కొడుతున్నాయి. బస్సు దాటిపోయింది. ఊరి స్టేజీ దగ్గర దిగుదామని కుండీ ఎత్తితే, పొద్దున పోసిన నీళ్లకు నా ఒళ్లో గుండ్రటి తడి మరక ఉంది. నేను దాన్ని తుడుచుకోలేదు.